జార్చమని చెప్పని సాయంత్రం

తోమనాయ్ పట్టణంలో చలికాలపు సాయంత్రాలు కుజీ కునిహితో అనే ఉద్యోగి గొంతుతోనే ముగిసేవి. అన్నాల వేళకి కాస్త ముందు, నెత్తిన మంచు మోస్తున్న స్తంభాల మీది లౌడ్‌స్పీకర్లు ఒకసారి గరగరమనేవి. తర్వాత పట్టణ కార్యాలయం నీటి విభాగం నుంచి ఆయన గొంతు నిదానంగా వచ్చేది. "ఈ రాత్రి చలి తీవ్రంగా ఉంటుంది. దయచేసి నీళ్ళు జార్చండి."

ఆ మాట చెవిన పడగానే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు లేచేవారు. వంటింటి మూలనున్న పిడిని తిప్పి, కుళాయిలన్నీ తెరిచేవారు. గొట్టాల్లో నిలిచిన నీరు గుటకలు వేస్తూ నేలలోపలికి, చలి చేరలేనంత లోతుకి జారిపోయేది. జార్చకుండా వదిలేస్తే ఆ నీరు తెల్లారేసరికి గడ్డకట్టి, ఉబ్బి, ఇనప గొట్టాన్నైనా చీల్చేస్తుంది.

చలి అంతగా లేని రోజుల్లో ఆయన వేరే వాక్యం చదివేవాడు. "నీళ్ళ విషయంలో జాగ్రత్త వహించండి." అది విన్నవాళ్ళు ఎవరూ లేచేవారు కారు. ఇవాళ్టికి ఫరవాలేదన్నమాట అనుకుని ఇంకో కప్పు టీ పోసుకునేవారు. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. ఏళ్ళ తరబడి విని విని ఊరు తనంతట తాను నేర్చుకున్నది.

చిక్కంతా 'జారడం' అనే మాటతోనే వచ్చింది. ఇక్కడ నీళ్ళు కిందికి జారినా, పరీక్ష పోయినా ఒకటే మాట. పరీక్ష రాయాల్సిన పిల్ల ఉన్న ఇంట్లో ఆ మాటని ఎవరూ పలకరు. కునిహితో కూతురు మినోరి విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షకి రెండోసారి చదువుతోంది. అందుకని ఆ చలికాలమంతా ఆ ఇంట్లో నీళ్ళు జారలేదు, పడుకున్నాయి.

"నాన్నా, నీళ్ళు పడుకున్నాయా?"

"పడుకున్నాయమ్మా. దుప్పటి కూడా కప్పాను."

అది కునిహితో భార్య కనాయే నేర్పిన మాట. మినోరి చిన్నప్పుడు గొట్టాల్లో గుటకల చప్పుడుకి భయపడి ఏడిస్తే, నీళ్ళు పడుకోవడానికి వెళ్తున్నాయని తల్లి చెప్పేది. ఇనప పిడి చలికి చేతికి అతుక్కుపోకుండా దానికి ఊలుతో ఒక తొడుగు కూడా అల్లింది. కనాయే పోయి మూడేళ్ళయింది. తొడుగు అలాగే ఉంది. తిప్పేటప్పుడల్లా కునిహితో దానివైపు చూడకుండానే తిప్పేవాడు.

ఆఫీసులో కూడా అందరూ సాయం పట్టారు. ఒకసారి ఆయన బల్ల మీంచి పెన్ను కింద పడితే, పక్క కుర్చీలోని హయాసే అనే అమ్మాయి మొహం గంభీరంగా పెట్టి, "కుజీ గారూ, మీ పెన్ను నేల మీద విశ్రాంతి తీసుకుంటోందండీ," అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

కానీ లోపల ఆయనకి నవ్వు లేదు. కిందటేడు పరీక్ష రోజు పొద్దున మినోరి గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటూ ఉండగా ఇంటి ఫోను మోగింది. పాఠశాల భవనంలో గొట్టాలు బిగుసుకున్నాయని కబురు. ఆయన వసారాలో నిలబడి, వినపడటం లేదేమోనని అరిచి మరీ చెప్పాడు. "ఇంకా జారలేదా? మొత్తం జారిపోవాలి. ఒక్క చుక్క కూడా మిగలకూడదు, అన్నీ జారిపోవాలి!" చెప్పాక గానీ నోరు జారిందని తెలియలేదు. వెనక్కి తిరిగేసరికి మినోరి పగలబడి నవ్వుతోంది. "బాగా దీవించావు నాన్నా!" అని వెళ్ళిపోయింది.

ఆ ఏడు పరీక్ష పోయింది. మినోరి ఆ ఫోను సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆయనకి కాస్త తేలికగా ఉండేది.

ఈ ఏడు ఎదురింటి తొకువే బామ్మ ముందే రంగంలోకి దిగింది. ఎనభై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటుంది. భర్త ఉన్నప్పుడు ఇద్దరూ మంగలి దుకాణం నడిపేవారు. వీధి మలుపులో, మంచు మీద కాళ్ళు జారకుండా చల్లుకోమని పట్టణం వాళ్ళు ఇసుక పెట్టె ఒకటి పెడతారు. బామ్మ దాంట్లోంచి చారెడు ఇసుక తెచ్చి, ఎర్ర గుడ్డలో పోసి, చిన్న సంచీ కుట్టి మినోరి మెడలో వేసింది.

"పట్టణం సొత్తు దొంగిలించాను. మీ నాన్నతో చెప్పకు, కేసు పెడతాడు," అంది కునిహితో ఎదురుగానే. "ఇది ఉంటే బస్సు చక్రమే జారదు, నువ్వెలా జారతావే?" అనేసి, తను పలికిన మాట తనకే వినపడి, రెండు చేతులతోనూ నోరు మూసుకుంది. మినోరి కడుపు పట్టుకుని నవ్వింది.

పరీక్ష ఆ శనివారం. అంతకు ముందు మంగళవారం పొద్దున భోజనాల దగ్గర మినోరి చేతిలోంచి, అన్నం తినే పుల్లల జతలోని పుల్ల ఒకటి జారి నేల మీద పడింది. కిందటేడైతే ఏదో ఒక హాస్యమాడేది. ఈసారి నవ్వలేదు. పుల్ల వైపు చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయింది. పెదాలు తెల్లబడ్డాయి. తర్వాత వంగి తీసుకుని, కడుక్కుని వచ్చి, సూప్ తాగకుండానే గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కునిహితో మైకు ముందు కూర్చున్నప్పుడు ఆయన కళ్ళ ముందున్నది ఆ పుల్లే. వాతావరణ కేంద్రం నుంచి వచ్చిన కబురు పక్కనే ఉంది. ఆ చలికాలంలో అంతవరకూ రానంత చలి రాబోతోంది. ఏం చదవాలో ఆయనకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ వాళ్ళ ఇల్లు కార్యాలయం వెనక వీధిలోనే. ఒక లౌడ్‌స్పీకర్ స్తంభం సరిగ్గా మినోరి కిటికీ ఎదురుగా ఉంది. కిటికీ ఎంత మూసినా ఆ గొంతు గదిలోకి వస్తుంది. అది తన గొంతే.

మైకు మీట నొక్కాడు.

"ఈ రాత్రి చలి ఉంటుంది. నీళ్ళ విషయంలో జాగ్రత్త వహించండి."

మీట వదిలాక, టీవీలో చెబుతారు కదా, ఊళ్ళో వాళ్ళకి ఆమాత్రం తెలియదా అని తనకి తాను చెప్పుకున్నాడు. కోటు వేసుకుంటూ ఉంటే హయాసే తలెత్తి ఒకసారి చూసింది.

ఇంటికి వెళ్ళి, బూట్లు విప్పి, వంటింట్లోకి నడిచి, ఊలు తొడుగు మీద చెయ్యి వేసి తన ఇంటి పిడిని తిప్పాడు. ఎప్పటిలాగే కుళాయిలన్నీ తెరిచాడు. నీళ్ళు గుటకలు వేస్తూ కిందికి వెళ్ళిపోయాయి.

మర్నాడు కార్యాలయం తలుపులు తెరవకముందే ఫోన్లు మొదలయ్యాయి. కింది వీధిలో గొట్టం పగిలింది. గుడి వెనక ఇంట్లో స్నానాలగది గోడ చీలింది. నూడుల్స్ దుకాణం నేల అద్దంలా గడ్డకట్టింది. విభాగం పెద్ద ఒనొదెరా ఒక ఫోను పెట్టేలోగా రెండోది ఎత్తుతున్నాడు.

"ఏమిటయ్యా ఈ జనం!" అన్నాడు మధ్యలో ఊపిరి పీల్చుకుని. "మనం సాయంత్రం చెప్పాం కదా? చెవుల్లో మంచు కుక్కుకుని కూర్చున్నారా అందరూ? కుజీ, నువ్వు చెప్పావు కదా?"

"చెప్పానండి," అన్నాడు కునిహితో.

అబద్ధం కాదు. ఏదో ఒకటి చెప్పాడు. హయాసే బల్ల మీదున్న కాగితాలు సర్దుతూ తల ఎత్తలేదు.

అప్పుడే ఇంకో ఫోను వచ్చింది. తొకువే బామ్మ ఇంట్లో గిన్నెలు కడిగే తొట్టి వెనక గొట్టం పగిలిందట. వంటింట్లో పారిన నీళ్ళు గడ్డకట్టాయట. పొద్దున్నే టీకి నీళ్ళు పెట్టుకుందామని వచ్చిన బామ్మ దాని మీద జారి పడిందట. మణికట్టు విరిగింది.

మధ్యాహ్నం మరమ్మతు మనిషితో పాటు కునిహితో కూడా వెళ్ళాడు. వెళ్ళకుండా ఉండటం ఆయన వల్ల కాలేదు. అసహికావా నుంచి బామ్మ మేనకోడలు మిత్సుయో అప్పటికే వచ్చేసింది. పార తిరగేసి వంటింటి నేల మీది మంచుని కొడుతోంది. బామ్మ కిరసనాయిలు పొయ్యి పక్కన కూర్చుని ఉంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూస్తోంది.

"కుజీ బాబూ, నీకు శ్రమ కలిగించాను," అంటూ లేవబోయింది.

"కూర్చోండి బామ్మగారూ, కూర్చోండి."

"సిగ్గుగా ఉంది నాయనా. నువ్వు రోజూ అంత గొంతు చించుకుని చెబుతావు. నేను ఎలా మరిచిపోయానో చూడు. విన్నట్టే గుర్తుంది. విని, ఇవాళ అక్కర్లేదులే అనుకున్నట్టు కూడా గుర్తుంది. అలా ఎందుకు అనుకున్నానో తెలియటం లేదు."

"ఎందుకేమిటి అత్తా, వయసు," అంది మిత్సుయో పార ఆపకుండానే. "గడ్డ కట్టే రాత్రి నీళ్ళు జార్చడం మరిచిపోయిందంటే ఇంక ఒక్కదాన్నే వదలకూడదు. రేపు నిప్పు మరిచిపోతుంది. ఆదివారం నేను తీసుకెళ్ళిపోతానండీ కుజీ గారూ. మా దగ్గర వృద్ధాశ్రమం ఒకటి ఉంది, శుభ్రంగా ఉంటుంది. ఈ ఇల్లు మూసేద్దాం."

"నా కుర్చీ?" అంది బామ్మ.

"ఏ కుర్చీ?"

"దుకాణం కుర్చీ. మీ మామయ్యది."

"కుర్చీలు అక్కడ బోలెడున్నాయి అత్తా."

బామ్మ కునిహితో వైపు తిరిగి, పిల్లలు పంతులుగారిని చూసినట్టు చూసింది. "బాబూ, నీకు తెలుస్తుంది కదా. మతి పోవడమంటే ఇలాగే మొదలవుతుందా?"

ఆ ఒక్క క్షణంలో చెప్పేసి ఉండొచ్చు. కానీ మరమ్మతు మనిషి పక్కనే ఉన్నాడు, మిత్సుయో పార ఆపి వింటోంది.

"అబ్బే, అదేం లేదండీ. చలి అలాంటిది," అన్నాడు. బామ్మ ఎడం చేత్తో పోసి ఇచ్చిన టీ తాగాడు. వంగి వంగి దండం పెట్టి వచ్చేశాడు. వీధి దాటి తన ఇంటికి రావడానికి పది అడుగులు లేవు. ఆ దూరం అంతకుముందు ఎప్పుడూ అంత పొడుగ్గా లేదు.

ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చాయి. శుభ్రంగా, ధారగా వచ్చాయి. ఆయన వెంటనే కట్టేశాడు.

బుధ, గురువారాలు ఎలా గడిచాయో ఆయనకి సరిగా తెలియదు. చలి తగ్గింది, ఏ వాక్యం చదవాలన్న సమస్య రాలేదు. బామ్మ ఇంటి ముందు అట్టపెట్టెలు పేర్చడం మొదలైంది. ఊళ్ళో ఎవరు కనపడినా తలవంచుకుని, "మా అజాగ్రత్త అండీ, మీరు చెప్పినా వినలేదు," అనేవారు. అలా అన్న ప్రతివాళ్ళకీ ఆయన ఇంకాస్త లోతుగా వంగి దండం పెట్టాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నారు.

గురువారం సాయంత్రం భోజనాల దగ్గర మినోరి గిన్నె కింద పెట్టింది.

"నాన్నా, మంగళవారం నువ్వు ఆ మాట చదవలేదు."

ఆయన సూప్ గిన్నెని ముందుకి జరుపుకున్నాడు.

"నేను కిటికీ దగ్గరే కూర్చున్నాను. రోజూ వింటాను. అమ్మ పోయాక నువ్వు గట్టిగా మాట్లాడేది ఆ మైకులోనే కదా, అందుకని వింటాను. ఆ రోజు అంత చలి పెట్టుకుని జాగ్రత్త అన్నావు. నాన్న పొరబడ్డాడేమో అనుకుని, నువ్వు ఇంటికి వచ్చాక అడుగుదామని వంటింట్లోకి వచ్చాను. నువ్వు మన పిడి తిప్పుతున్నావు."

పొయ్యి మీద కెటిల్ మూత టకటకలాడింది.

"నా కోసమేనా?"

"నీ చేతిలోంచి పుల్ల..." అన్నాడు.

"ఆ పుల్ల జారింది నాకు ఆ రాత్రి నిద్ర లేక. చేతిలో బలం లేక. దానికి ఊళ్ళో గొట్టాలన్నీ పగలాలా?" మినోరి గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండునని ఆయనకి అనిపించింది. "బామ్మ నా మెడలో ఇసుక కట్టి తను జారి పడింది. పొద్దున వెళ్ళాను. నాకు మతి పోయిందే పిల్లా అని నాతో చెప్పింది. ఉప్పు డబ్బా చూపించి, ఇది ఉప్పేనా అని అడిగింది. నేను రేపు అసహికావా బస్సెక్కాలి. ఈ సంచీ మెడలో వేసుకుని ఎలా ఎక్కను, చెప్పు."

ఆయన తల వంచుకునే ఉన్నాడు. ఊళ్ళో పగిలిన గొట్టాలన్నిటి కన్నా, బామ్మ చేతికట్టు కన్నా, వంటింటి గుమ్మంలో నిలబడి తన వీపుని చూసిన కూతురే ఆయనకి భరించరానిదిగా తోచింది. తన ఇంటి పిడిని మాత్రం తిప్పుతున్న వీపు.

"కిందటేడు కూడా," అంది మినోరి లేస్తూ, "నాకు లెక్కలు రాలేదు నాన్నా. అంతే. నీ ఫోను వల్ల కాదు."

శుక్రవారం మళ్ళీ తీవ్రమైన చలి వస్తుందని కబురు వచ్చింది. మినోరి మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది. పరీక్ష కేంద్రం దగ్గర ఆ రాత్రి ఉండాలి. ఆమె మెడలో సంచీ ఉందో లేదో కోటు పైనుంచి ఆయనకి తెలియలేదు. అడిగే ముఖం లేదు.

సాయంత్రం మైకు ముందు కూర్చున్నాడు. మీట మీద వేలు పెట్టాడు. గది అవతల ఒనొదెరా టోపీ పెట్టుకుంటూ ఇంటికి బయల్దేరుతున్నాడు.

"ఈ రాత్రి చలి తీవ్రంగా ఉంటుంది. దయచేసి నీళ్ళు జార్చండి."

ఇక్కడ మీట వదలాలి. వదలలేదు.

"ఇంకో మాట. మంగళవారం రాత్రి కూడా ఇలాగే జార్చమని చెప్పాలి. చెప్పలేదు. తెలియక కాదు, తెలిసే చెప్పలేదు. నా ఇంటి కారణంతో చెప్పలేదు. జాగ్రత్త వహించండి అన్న వాక్యం చదివాను. అది విని మీరు లేవలేదు. అది మీ మరుపు కాదు. మీరు సరిగ్గానే విన్నారు. ఎవరూ ఏదీ మరిచిపోలేదు. తప్పు నాది. కుజీ కునిహితో."

మీట వదిలాడు. ఒనొదెరా టోపీ తీసేసి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం చేశావయ్యా నువ్వు?" అన్నాడు మెల్లగా. అడిగింది మంగళవారం గురించో, ఇప్పటి గురించో తెలియలేదు. తర్వాత, "సోమవారం మాట్లాడదాం. రేపట్నుంచి మైకు దగ్గర హయాసే కూర్చుంటుంది," అని వెళ్ళిపోయాడు.

కునిహితో నేరుగా ఎదురింటికి వెళ్ళాడు. మిత్సుయో తలుపు తీసింది. ఏదో అనబోయి, ఆయన ముఖం చూసి పక్కకి తప్పుకుంది. బామ్మ పాత దుకాణం కుర్చీలో, గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఆయన గది మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని నుదురు నేలకి ఆనించాడు.

"విన్నాను," అంది బామ్మ వెనక్కి తిరగకుండానే.

"క్షమించమని అడగడానికి కూడా..."

"అడక్కు."

బామ్మ కట్టు కట్టిన చేతిని ఒళ్ళో సర్దుకుంది.

"మూడు రోజులు," అంది బామ్మ. "మూడు రోజులు నన్ను నేను నమ్మలేదు. మా ఆయన పేరు మనసులో అనుకుని, సరిగ్గానే అనుకున్నానా అని అటూ ఇటూ వెతుక్కున్నాను. చెయ్యి విరిగిందంటావా, అతుక్కుంటుంది. నువ్వు ఇక్కడే కూర్చుని నా చేతి టీ తాగావు. తాగి, చలి అలాంటిది అన్నావు."

ఆయన తల ఎత్తలేదు. ఆవిడ చెప్పినదాంట్లో తీసివేయడానికి ఒక్క మాట కూడా లేదు.

"లే," అంది చివరికి. "నేల ఇంకా తడిగానే ఉంది. జబ్బు చేస్తే అది కూడా నా వల్లేనంటారు." తర్వాత కుర్చీని ఒక్క కాలితో నెట్టి ఇటు తిప్పింది. మొహంలో నవ్వు లేదు. "పిల్ల సంచీ వేసుకుని వెళ్ళిందా?"

"తెలియదండి."

"తండ్రివి. ఆమాత్రం చూసుకోవద్దూ?"

మర్నాడు సాయంత్రం కునిహితో తన వంటింట్లో ఒంటరిగా ఉన్నాడు. మినోరి పరీక్ష మొదటిరోజు అయిపోయిందని, రేపు ఇంకోటి ఉందని ఫోను చేసింది. ఎలా రాసిందో చెప్పలేదు. ఆయన అడగలేదు. ఫోను పెట్టేముందు మాత్రం, "సంచీ లోపల ఇసుక గుచ్చుకుంటోంది నాన్నా, బామ్మ సరిగ్గా కుట్టలేదు," అంది.

బయట స్తంభం గరగరమంది. హయాసే గొంతు సన్నగా, కాస్త భయంగా వచ్చింది. ఈ రాత్రి చలి తీవ్రంగా ఉంటుంది. దయచేసి నీళ్ళు జార్చండి. ఏళ్ళ తరబడి చెప్పిన మాటని ఆయన మొదటిసారి ఇంట్లో నిలబడి విన్నాడు. వినేవాడికి ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఎవరో తెలియని మనిషి తన ఇంటి గురించి ఆలోచిస్తున్నట్టు ఉంటుంది.

లేచి పిడి దగ్గరికి వెళ్ళబోతుండగా వీధి అవతలి నుంచి కిటికీ తెరిచిన చప్పుడు.

"కుజీ బాబూ! ఇంట్లోనే ఉన్నావా? ఉండక ఎక్కడికి పోతావులే!"

ఆయన పరుగున వీధి దాటాడు. అట్టపెట్టెలు గుమ్మం ముందు అలాగే ఉన్నాయి. రెండు మాత్రం విప్పి ఉన్నాయి. మిత్సుయో వాటిలోంచి పళ్ళేలు తీసి మళ్ళీ అల్మారాలో పెడుతోంది. మంచు కరిగేదాకా చూద్దాంలే అత్తా అని ఆవిడ అంటుంటే, బామ్మ విననట్టు ఊరుకుంది.

"ఎడం చేత్తో ఈ పిడి తిరగటం లేదు," అంది ఆయనతో. "మిత్సుయోకి ఎటు తిప్పాలో తెలియదు, పట్నం పిల్ల. నువ్వు తిప్పు."

"నేనా?"

"మరి? తప్పు ఒప్పుకుంటే పని తప్పుతుందా?"

కొత్త గొట్టం వేసిన చోట గోడ ఇంకా పచ్చిగా ఉంది. కునిహితో వంగి ఇనప పిడిని పట్టుకున్నాడు. దీనికి తొడుగు లేదు, చలి అరచేతిని కొరికింది. తిప్పాడు. పిడి వదలకుండానే రెండో చేత్తో కుళాయి తెరిచాడు. గొట్టం ఒకసారి దగ్గింది. తర్వాత నీళ్ళు గుటకలు వేస్తూ గోడలోంచి నేలలోకి, ఇంకా కిందికి వెళ్ళడం మొదలుపెట్టాయి.

బామ్మ తల పక్కకి వంచి ఆ చప్పుడు మొత్తం వింది. ఆఖరి గుటక అయిపోయేదాకా ఆయన్ని కదలనివ్వలేదు.

"ఆ కొత్త పిల్ల గొంతు మరీ తీపిగా ఉంది," అంది తర్వాత. "ఆ గొంతుకి నాకు లేవబుద్ధి కాదు."

ఆయన పిడి మీదనుంచి చెయ్యి తీసుకోవడం మరిచిపోయి అలాగే వంగి ఉండిపోయాడు. చర్మం ఇనుముకి అతుక్కోవడం మొదలయ్యాక గానీ తెలియలేదు.